చౌధరీ గారి బండి లేచి నిలబడిన రోజు

కారు బాగుచేయడం ఎలాగో చెప్పే పుస్తకాలు బజారులో చాలా ఉన్నాయి. బాగుచేస్తూ బాగుచేస్తూ కారును ఎలా పాడుచేస్తామో చెప్పే పుస్తకం మాత్రం నాకు ఇంతవరకు కనబడలేదు. ఆ విషయంలో నాకు మంచి అనుభవం ఉంది కాబట్టి ఈ నాలుగు పేజీలు రాస్తున్నాను.

నా పేరు వరలక్ష్మి. కాకినాడలో ఆటోమొబైల్ డిప్లొమా చదివాను. ఢిల్లీలో ఉద్యోగం వస్తే, "కుర్చీలో కూర్చుని చేసే పనే అయ్యుంటుందిలే" అని మా నాన్న ధైర్యంగా రైలెక్కించాడు. తీరా చూస్తే అది సర్కారు కార్ల వర్క్‌షాపు. కుర్చీ దొరకడానికి పదకొండేళ్ళు పట్టింది. మొత్తం ముప్పై నాలుగేళ్ళు అక్కడే పనిచేశాను. అశోకా రోడ్డు చుట్టుపక్కల ఆఫీసుల ముందు బారులు తీరి నిలబడే తెల్ల కార్లలో నా చేయి పడనిది అప్పట్లో తక్కువ. ప్రమోషన్ల గురించి రాయను. వచ్చాయి, ఆలస్యంగా వచ్చాయి, అంతే. ఫైళ్ళ గురించి అసలే రాయను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను ఒకటే అడిగేవాళ్ళు. "మేడమ్, బండి జబ్బు ఎలా కనిపెడతారు?" చెవితో వినాలి, ముక్కుతో వాసన చూడాలి, వేళ్ళతో తడమాలి అని పెద్ద డాక్టరులా చెప్పేదాన్ని. అందులో సగం డంబం. చాలాసార్లు ముందు తప్పు చేసి, ఆ తప్పు ముఖాన తగిలాక కనిపెడతాం. వర్క్‌షాపు గోడల మధ్య తప్పు చేస్తే ఎవరికీ తెలియదు. రిటైరయ్యాక నేను చేసినది మాత్రం పట్టపగలు, కొన్ని వందల మంది ముందు, లౌడ్‌స్పీకరులో నా పేరు చెబుతుండగా చేశాను.

సర్దార్జీ, సూపరింటెండెంటు

ముందు నాకు పని నేర్పిన మనిషి గురించి చెప్పాలి. మా ఫోర్‌మన్ గుర్‌దీప్ సింగ్. అందరూ సర్దార్జీ అనేవాళ్ళు. మొదటిరోజు నేను చీర కట్టుకుని వెళితే నన్ను తల నుంచి పాదం దాకా చూసి, "బేటీ, చీరతో వస్తే ఫ్యాన్ బెల్టు లాగేస్తుంది. ఏడుస్తూ వస్తే నేను ఇంటికి పంపేస్తాను. ఇంకెలా వచ్చినా నాకు అభ్యంతరం లేదు" అన్నాడు. మర్నాడు సల్వార్ కమీజ్‌లో వెళ్ళాను. ఏడవడం మాత్రం బాత్రూములో కానిచ్చేదాన్ని.

ఒక పెద్ద ఆఫీసరు కారుకు నెలలో మూడు ఫ్యాన్ బెల్టులు తెగాయి. మూడింటినీ నేనే మార్చాను. నాలుగోది పట్టుకుని వెళుతుంటే సర్దార్జీ అడ్డం నిలబడ్డాడు.

"మూడు బెల్టులు తిన్న బండికి నాలుగోది వడ్డిస్తావా, అసలు దానికి అంత ఆకలి ఎందుకేస్తోందో చూస్తావా?"

చూస్తే, బెల్టు తిరిగే పుల్లీ వంకరగా ఉంది. ఎప్పుడో ఎవరో సుత్తితో కొట్టి బిగించారు. ఆ పుల్లీ మార్చాక ఆ కారు బెల్టు అడగడం మానేసింది.

మా సూపరింటెండెంటు దీనికి పూర్తిగా తలకిందులు. బానెట్ తెరవకముందే లోపానికి కారణం కాగితం మీద రాసివ్వాలనేవాడు. అందుకని మేమంతా ఏళ్ళ తరబడి "కారణం: ఇంజిన్ లోపం" అని రాసిచ్చేవాళ్ళం. టైరు పంక్చరైనా అదే రాసేవాళ్ళం. ఆయన సంతకం పెట్టేవాడు. రిటైరైన రోజున పూలదండలు వేసుకుని కారెక్కితే ఆయన కారే కదల్లేదు. "కారణం: ఇంజిన్ లోపం" అని నేనే రాసిచ్చాను. నిజానికి పెట్రోలు అయిపోయింది.

మామగారి కారు, అల్లుడి కారు

ఇప్పుడు ఢిల్లీని ఆనుకుని ఉన్న ఇందిరాపురంలో ఉంటున్నాను. మా అపార్ట్‌మెంట్ల సొసైటీలో నన్నందరూ ఆంటీజీ అంటారు. నాకు వంట తప్ప ఏమీ తెలియదని కొత్తగా వచ్చినవాళ్ళు అనుకుంటారు. నిజానికి నాకు వంటే సరిగా రాదు.

నరేందర్ అని కరీంనగర్ మనిషి. మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, ఢిల్లీ బేర్ సరాయ్‌లో మంచం వేస్తే తలుపు తెరుచుకోని గదిలో ఉండి మూడేళ్ళు సివిల్స్‌కు తయారయ్యాడు. మూడుసార్లూ మొదటి మెట్టే దాటలేదు. ఊరికి వెళ్ళడానికి మొహం చెల్లక మాకు దగ్గర్లోనే సాహిబాబాద్‌లో గ్యారేజీ పెట్టాడు. ఇప్పుడతనికి నలభై దగ్గర పడుతున్నాయి. పాత కార్ల పనిలో మంచి పేరు తెచ్చుకున్నాడు. కంప్యూటరు తగిలించి చూసే కార్లతో పెరిగిన తరం కాబట్టి, పాతకాలపు కార్బ్యురేటరు సంగతులు వచ్చినప్పుడు నాకు ఫోన్ చేస్తుంటాడు.

ఒక ఫిబ్రవరిలో చేసినప్పుడు అతని గొంతు వేరేగా ఉంది.

"మేడమ్, చౌధరీ సాబ్ బండి నన్ను పరేషాన్ చేస్తున్నది. కార్బ్యురేటర్ మార్చిన, కాయిల్ మార్చిన, ప్లగ్గులు మార్చిన, పెట్రోల్ పంపు గూడ మార్చిన. ఇంక మార్చనీకి చౌధరీ సాబ్ ఒక్కడే మిగిలిండు."

చౌధరీ గారు ఘజియాబాద్‌లో టైల్స్ వ్యాపారి. మీసాలు, గొంతు, మనసు అన్నీ పెద్దవే. ఆయన కారు ఎప్పుడో ఏ రాయబారో ఢిల్లీలో వదిలేసి వెళ్ళిన అమెరికా కారు. ఎనిమిది సిలిండర్లు. స్టీరింగు ఎడమవైపు. బానెట్ మీద విస్తరి వేసి నలుగురికి భోజనం పెట్టొచ్చు. ఇలాంటివాటిని మజిల్ కార్లు అంటారు. ఒళ్ళంతా కండలే తప్ప ఇంకేమీ లేని మనిషిని మనం ఏమంటామో మీకు తెలుసు.

ఒకరోజు ఇంట్లో భోజనాల దగ్గర ఆయన అల్లుడు రోహిత్, "పాపాజీ, మీ బండిని ఏ మ్యూజియంలోనైనా పెడితే బాగుంటుంది" అన్నాడట. రోహిత్‌ది బ్యాటరీ కారు. చప్పుడు చేయదు, పొగ వదలదు, చౌధరీ గారి దృష్టిలో అసలు కారే కాదు. మాటామాటా పెరిగింది. గ్రేటర్ నోయిడా దాటాక ఉన్న ఒక ట్రాక్‌లో ఆదివారాలు జరిగే డ్రాగ్ రేసులో తేల్చుకుందామన్నారు. డ్రాగ్ రేసు అంటే ఏమీ లేదు. నాలుగు వందల మీటర్ల తిన్నని రోడ్డు, పక్కపక్కనే రెండు కార్లు. పచ్చదీపం వెలగగానే దూకాలి. ముందు చేరినవాడు గెలిచినట్టు. మలుపుల్లేవు, కాబట్టి ఆలోచన కూడా అక్కర్లేదు. చౌధరీ గారికి సరిగ్గా సరిపోయే ఆట.

చిక్కేమిటంటే, ఊళ్ళో తిప్పితే బంగారంలా నడిచే బండి, గట్టిగా దూకించగానే ఒక్క క్షణం చచ్చి బతుకుతోంది. రెండు నెలలుగా అదే వరస.

"ఆదివారం జర రండి మేడమ్," అన్నాడు నరేందర్. "ఇది గూడ ఫెయిలైతే నా ఇజ్జత్ పోతది."

దొరికిన వైరు

నేను వెళ్ళేసరికి పొగమంచు ఇంకా పూర్తిగా విడిపోలేదు. చౌధరీ గారి కుటుంబం మొత్తం వచ్చింది. ఆయన భార్య సంతోష్ దీదీ, కూతురు, అల్లుడు, వదినలు, బావమరుదులు, స్టీలు డబ్బాల్లో పరాఠాలు. పెళ్ళికి వచ్చినట్టున్నారు. అసలు పోటీ మధ్యాహ్నం. అంతవరకు ఎవరికి వాళ్ళు ఒంటరిగా పరుగెత్తించి చూసుకోవచ్చు.

చౌధరీ గారు ఒకసారి పరుగెత్తించారు. దీపం పచ్చబడింది. వెనక చక్రాల నుంచి పొగ లేచింది. బండి ముక్కు పైకెత్తి దూకింది. పది మీటర్లు పోయిందో లేదో, టప్! ఎవరో స్విచ్ ఆపినట్టు శబ్దం తెగిపోయింది. బండి ముక్కు కిందికి వాలింది. మరుక్షణం మళ్ళీ గర్జించింది.

అది చూడగానే నాకు సగం అర్థమైంది. పెట్రోలు అందకపోతే ఇంజిన్ నిద్ర ముంచుకొస్తున్నవాడిలా తూలుతూ ఆగుతుంది. ఇలా చెంపదెబ్బ కొట్టినట్టు ఆగిందంటే కరెంటు తెగుతోంది. ఇక్కడిదాకా నా బుర్ర బాగానే పనిచేసింది.

బానెట్ తెరిపించాను. నిప్పురవ్వకు కరెంటునిచ్చే కాయిల్ మామూలుగా ఇంజిన్ మీదే ఉంటుంది. అందంగా ఉంటుందని నరేందర్ దాన్ని తీసి పక్కన బాడీ గోడకు బిగించాడు. అక్కడి నుంచి ఇంజిన్ మీదికి వచ్చే వైరును కొలిచినట్టు కత్తిరించి, వీణ తీగలా బిగించాడు. ఆ వైరును వేళ్ళతో తడుముతూ పోతే ఒకచోట మెత్తగా తగిలింది. పైన తొడుగు బాగానే ఉంది, లోపల రాగి పోగులు తెగిపోయాయి. వదిలేస్తే అంటుకుంటున్నాయి, లాగితే విడిపోతున్నాయి.

"ఇదిగో నీ దెయ్యం," అన్నాను.

నరేందర్ తల పట్టుకున్నాడు. "రెండు నెలల సంది ఈ వైరు నా ప్రాణం తీసిందా!"

కొత్త వైరు, ఈసారి బాగా వదులుగా, నా చేత్తోనే వేశాను. ఇంత వయసావిడ పది నిమిషాల్లో జబ్బు పట్టేసిందని ట్రాక్‌లో మైకు పట్టుకున్న కుర్రాడు అందరికీ చెప్పాడు. చప్పట్లు కొట్టారు. సంతోష్ దీదీ నాకు పరాఠా మీద ఇంత వెన్నముద్ద వేసి ఇచ్చింది. రిటైరయ్యాక నన్ను ఎవరూ అంతగా పొగడలేదు. నేను ఆ పరాఠా తృప్తిగా తిన్నాను.

తింటూ ఒక ప్రశ్న వేసుకోవాల్సింది. కదలకుండా పడి ఉండాల్సిన వైరు లోపల పోగులు తెగేంతగా ఎందుకు సాగింది? నేను వేసుకోలేదు. వెన్న బాగుంది.

పొదల్లోకి

చౌధరీ గారు మళ్ళీ బయల్దేరారు. ఈసారి బండి ఎక్కడా తెగలేదు. ఆ శబ్దం నా కాళ్ళ కింద నేల నుంచి వచ్చింది. రెండు నెలల్లో మొదటిసారి దాని బలం మొత్తం బయటికొచ్చింది. నరేందర్ గాల్లోకి ఎగిరాడు. బండి చివరి గీత దాటింది. బ్రేకు దీపాలు వెలిగాయి.

ఇంజిన్ శబ్దం తగ్గలేదు.

చుట్టూ అందరూ ఇంకా అరుస్తూనే ఉన్నారు. నేను, నరేందర్ మాత్రం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. గీత దాటాక బండి నెమ్మదించడానికి చాలా దూరం రోడ్డు వదిలి ఉంటుంది. అదంతా అయిపోతోంది. వెనక చక్రాల నుంచి పొగ వస్తోంది, బ్రేకులు పట్టే ఉన్నాయి, అయినా బండి ఆయన్ని ఈడ్చుకుపోతోంది. ఇసుక మీదికి ఎక్కింది. అటు అడ్డంగా తిరిగి రెల్లు పొదల్లో దూరింది. అప్పుడు ఆగింది శబ్దం.

ముందు పరుగెత్తింది అల్లుడు రోహిత్. మేము చేరేసరికి అతను తలుపు లాగి తెరిచి, "పాపాజీ, పాపాజీ" అంటూ ఆయన మొహం నిమురుతున్నాడు. చౌధరీ గారు స్టీరింగును రెండు చేతులతో పట్టుకుని అలాగే కూర్చున్నారు. పెదవి చిట్లింది. అంతకుమించి దెబ్బలేమీ లేవు.

"కాలు తీసేశాను," అన్నారు చిన్న గొంతుతో. "కాలు తీసేసినా పోతూనే ఉంది. ఏం చేయాలో తోచలేదు. చివరికి తాళం తిప్పేశాను."

కూతురు ఏడుస్తోంది. ఆయన కిందికి దిగారు, నీళ్ళు తాగారు, ఊపిరి పీల్చుకున్నారు. ఆ తర్వాత ఆయన గొంతు ఆయనకు తిరిగి వచ్చింది. సూటిగా వచ్చి నరేందర్ కాలర్ పట్టుకున్నారు.

ఒక కప్పు టీ

చౌధరీ గారు అప్పుడు అన్నవి ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. తిట్లు తీసేశాను కాబట్టి సగమే మిగిలింది.

"ఏం చేశావురా నా బండిని? నా కూతురి ముందు నన్ను చంపుతావా?"

నన్నెవరో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. పెద్దావిడ, కంగారు పడి ఉంటుందని చేతిలో టీ పెట్టారు. "చివరిగా చేయి పెట్టింది ఎవరు?" అని సంతోష్ దీదీ గట్టిగా అడుగుతోంది. ఆమెకు తెలియక కాదు. నాకు పరాఠా పెట్టిన మనిషి నన్ను అనుమానించలేదు, అంతే. నరేందర్ నేల చూస్తూ నిలబడ్డాడు. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు.

నేను ఎంతసేపు నోరు మూసుకుని కూర్చున్నానో మీకు చెప్పాలి. ఒక కప్పు టీ తాగేంతసేపు. టీ బాగా వేడిగా ఉంది, కాబట్టి తక్కువ సేపేమీ కాదు.

ఆ కాసేపట్లో నాకు చాలా మంచి మంచి ఆలోచనలు వచ్చాయి. నేను యాక్సిలరేటరును తాకనే లేదు కదా. వైరుకూ దీనికీ సంబంధమే లేదు కదా. ముప్పై నాలుగేళ్ళ పేరు కదా. నరేందర్ ఇంకా వయసులో ఉన్నాడు, తట్టుకుంటాడు కదా. ఒక్కొక్కటీ ఎంత న్యాయంగా కనిపించిందో చెప్పలేను.

అప్పుడు ట్రాక్ చూసుకునే అధికారి వచ్చాడు. "ఈ మెకానిక్ పనిచేసిన బండి ఏదీ ఇక గేటు లోపలికి రాదు. ఇవాళే అందరికీ చెప్పేస్తాను" అన్నాడు. పాత బండ్ల వాళ్ళందరూ కలిసేది అక్కడే. అంటే నరేందర్ గ్యారేజీకి తాళం పడినట్టే. అతని కాలర్ ఇంకా చౌధరీ గారి చేతిలోనే ఉంది. కళ్ళు మాత్రం మూసుకున్నాడు. నాలుగోసారి కూడా ఫెయిలైన మనిషిలా ఉన్నాడు.

కప్పు కింద పెట్టి లేచాను.

"చౌధరీ సాహబ్, కాలర్ వదలండి. చివరిగా చేయి పెట్టింది నేను."

"మీరు వైరు మార్చారు ఆంటీజీ. దానికీ దీనికీ ఏం సంబంధం?"

"తెలియదు."

"తెలియదా?"

"తెలియదు. కానీ పొద్దుట లేనిది నేను చేయి పెట్టాక వచ్చింది. ఎందుకొచ్చిందో తేలేదాకా నేను ఇక్కడినుంచి కదలను. అంతవరకు అతన్ని ఏమీ అనకండి. అనాలనుంటే నన్ను అనండి."

నన్ను అనడానికి ఆయనకు నోరు రాలేదు. మన దేశంలో ఆంటీలకు ఉన్న సౌకర్యం ఇది. నేను ఆ టీ తాగినంతసేపూ వాడుకున్నది కూడా దాన్నే.

లేచి నిలబడింది

ట్రాక్టరుతో బండిని పొదల్లోంచి లాగించాం. బానెట్ తెరిచాం. పెడల్ తొక్కి వదిలితే హాయిగా వెనక్కి వస్తోంది. స్ప్రింగు బాగుంది. పెడల్ నుంచి కార్బ్యురేటరుకు పోయే ఇనుప కడ్డీ వంగలేదు, ఎక్కడా తగలడం లేదు. బండిని నిలబెట్టి ఇంజిన్‌ను రేస్ చేస్తే బుద్ధిగా పెరుగుతోంది, బుద్ధిగా తగ్గుతోంది. ఏ తప్పూ చేయనట్టు అమాయకంగా చూస్తోంది.

గంట గడిచింది. నాకు చెమటలు పట్టాయి, అదీ ఫిబ్రవరిలో.

నరేందర్ మెల్లగా అన్నాడు. "మేడమ్, ఖాళీగ నిలబెట్టి రేస్ చేస్తే ఏం కనబడ్తలేదు. బరువు మీద పడ్డప్పుడే గద ఇది జేస్తున్నది. బరువు మీదనే చూడాలె."

ఆ మాట నేను అనాల్సింది, అతను అన్నాడు. బండి వెనక భాగాన్ని గొలుసుతో ట్రాక్టరుకు కట్టాం. చక్రాలకు దిమ్మెలు పెట్టాం. జనాన్ని దూరం తరిమాం. నరేందర్ లోపల కూర్చుని బ్రేకు తొక్కి పట్టాడు, గేరు వేశాడు, ఒక చేయి తాళం మీదే ఉంచాడు. నేను బండికి ఎడమ పక్కన నిలబడ్డాను. ఎదురుగా మాత్రం ఎప్పుడూ నిలబడకండి.

"నెమ్మదిగా వదులు," అన్నాను.

క్లచ్ వదులుతూ కాస్త రేస్ ఇచ్చాడు. బండి ముందుకు పోవాలని చూసింది, పోలేకపోయింది. అప్పుడు, నా కళ్ళ ముందే, కుర్చీలోంచి లావుపాటి మనిషి లేచినట్టు ఇంజిన్ ఎడమ వైపు పైకి లేచింది. బెత్తెడు లేచింది! దాంతోపాటు యాక్సిలరేటరు కడ్డీ తనంతట తనే లాగబడింది. శబ్దం పెరిగింది. పెరిగిన కొద్దీ ఇంకా లేచింది.

"ఆపు! ఆపు!"

తాళం తిప్పాడు. ఇంజిన్ ధబ్బుమని యథాస్థానంలో కూర్చుంది. మళ్ళీ అమాయకురాలైపోయింది.

సంగతి ఇది. ఇంజిన్‌ను బండికి నేరుగా బిగించరు. రెండు పక్కలా లావుపాటి రబ్బరు దిమ్మెల మీద కూర్చోబెడతారు. మా ఢిల్లీ మెకానిక్కులు వాటిని ఫౌండేషన్ రబ్బర్లు అంటారు. చౌధరీ గారి బండిలో ఎడమ రబ్బరు నిలువునా చీలి రెండు ముక్కలైంది. పైన ఇంజిన్ బరువు ఉండడంతో ముక్కలు అతుక్కుని కనిపిస్తాయి. బండి గట్టిగా దూకినప్పుడు ఇంజిన్ మెలితిరిగి ఆ పక్క పైకి లేస్తుంది. లేచినప్పుడు రెండు లాగబడతాయి. ఒకటి నరేందర్ బిగించిన వైరు, రెండోది యాక్సిలరేటరు కడ్డీ. ఇన్నాళ్ళూ వైరు ముందు తెగేది. కరెంటు ఆగి ఇంజిన్ బలం పోయి, తిరిగి కూర్చునేది. కడ్డీ దాకా ప్రమాదం వచ్చేదే కాదు.

అంటే రెండు నెలలుగా చౌధరీ గారి ప్రాణం కాపాడుతున్నది ఆ తెగిన వైరే. నేను వచ్చి దాన్ని బాగుచేశాను.

ఇదంతా ఆయనకు ఇలాగే, ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పాను. ఆయన చిట్లిన పెదవిని తడుముకుంటూ విన్నారు.

"అచ్ఛా. అంటే నా బాడీగార్డును మీరు ఉద్యోగంలోంచి తీసేశారన్నమాట."

"అవును."

ఆయన తనే బానెట్ మూశారు. తర్వాత నరేందర్ దగ్గరికి వెళ్ళి, పొద్దుట నలిపిన కాలరును తన చేత్తోనే సరిచేసి, భుజం మీద దుమ్ము దులిపారు. ఆయన భాషలో క్షమాపణ అంటే అదే. ట్రాక్ అధికారి కూడా గొంతు సవరించుకుని అటు వెళ్ళిపోయాడు.

అంతటితో అయిపోలేదు. ఆయన బావమరిది ఒకడు, "గొలుసుతో ఇంజిన్‌ను కట్టేస్తే సరి, ఇంకా టైముంది, పోటీ కానిచ్చేద్దాం" అన్నాడు. నిజానికి అలా కట్టి పరుగెత్తించేవాళ్ళు ఉన్నారు. చౌధరీ గారి కళ్ళు వెలిగాయి. అందరూ నా వైపు చూశారు. నేను నోరు తెరిచేలోపు నరేందర్ అన్నాడు.

"కట్టను సాబ్. ఇయాల ఈ బండి నడవది. మీరు నా దగ్గరికి మళ్ళ రాకున్నా సరే."

చౌధరీ గారు వాదించడానికి ఊపిరి తీసుకున్నారు. సంతోష్ దీదీ పరాఠాల డబ్బా మూత ఠప్పున మూసింది. "ఇంటికి పద," అంది. ఆయన ఇంటికి పదన్నారు.

తిరిగి నరేందర్ కారులోనే వచ్చాను. ఇందిరాపురం దగ్గరపడుతుండగా అడిగాడు. "ఎందుకు చెప్పిన్రు మేడమ్? నేనైతే చెప్పకపోతుంటి."

"చెప్పానులే, కాకపోతే ఆలస్యంగా చెప్పాను నాయనా. అది చూడు."

"చూసిన," అన్నాడు రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా. "టీ మొత్తం తాగిన్రు."

నా సర్వీసులో నా మీద చాలా రిపోర్టులు రాశారు. ఒక్కటీ అంత క్లుప్తంగా, అంత సరిగ్గా లేదు.  అతను ఇంటి ముందు దింపి, ఎప్పటిలాగే నా సంచి లిఫ్టు దాకా మోసిపెట్టి వెళ్ళాడు.

ఈ పనిలోకి వస్తున్నవాళ్ళకు నేను చెప్పగలిగేది ఇంతే. తెగిన వస్తువు దొరికితే సంబరపడకండి, ఎందుకు తెగిందో అడగండి. తెలియకపోతే తెలియదని అనండి, జీతం కోయరు. తప్పు మీదైతే టీ చల్లారకముందే చెప్పండి. చప్పట్లు కొడుతుంటే మాత్రం చేతిలో పని ఆపి ఇంకోసారి చూసుకోండి.

పోటీ

నెల తర్వాత పోటీ జరిగింది. నరేందర్ రెండు పక్కలా కొత్త ఫౌండేషన్ రబ్బర్లు వేశాడు. కాయిల్‌ను అందం మాట అలా ఉంచి ఇంజిన్ మీదికి మార్చాడు. యాక్సిలరేటరుకు రెండో స్ప్రింగు, చేతికందేలా ఒక ఆపే స్విచ్ పెట్టాడు. పొద్దుటే బండిని గొలుసుతో కట్టి బరువు మీద చూశాం. ఇంజిన్ కూర్చున్నచోటు నుంచి కదల్లేదు.

కుటుంబమంతా మళ్ళీ వచ్చింది. పరాఠాలు మళ్ళీ వచ్చాయి. దీపం పచ్చబడింది. చౌధరీ గారి బండి ఎక్కడా తడబడకుండా, ఆకాశం దద్దరిల్లేలా దూకింది. అంత ఆరోగ్యంగా పరుగెత్తిన పాత ఇంజిన్‌ను నేను చూడలేదు. రోహిత్ కారు చప్పుడు లేకుండా వెళ్ళింది. అది ఎప్పుడు వెళ్ళిందో కూడా చాలామంది చూడలేదు. చౌధరీ గారు సగం దూరంలో ఉండగానే అతను గీత దాటేశాడు.

చౌధరీ గారు బండిని నెమ్మదిగా తిప్పుకొచ్చి ఆపారు. దిగి, నేరుగా నా దగ్గరికి వచ్చి, నన్ను పక్కకు తీసుకెళ్ళారు. ఆ గొంతు గుసగుసలాడగలదని నాకు అప్పుడే తెలిసింది.

"ఆంటీజీ, ఒకసారి బానెట్ తెరిచి చూడండి. ఏదో ఒకటి ఉండే ఉంటుంది. చిన్నదైనా ఫర్వాలేదు."

ఆయన వెనకాల అల్లుడు, కూతురు, సంతోష్ దీదీ, బావమరుదులు అందరూ మా వైపే చూస్తున్నారు. నరేందర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను బానెట్ తెరిచాను. రబ్బర్లు చూశాను. వైర్లు ఒక్కొక్కటీ లాగి చూశాను. కడ్డీ కదిపాను, నూనె వాసన చూశాను. తొందరపడకుండా, చూడాల్సినవన్నీ నిజంగానే చూశాను. తర్వాత బానెట్ మూసి, చేతులు తుడుచుకుని, అందరికీ వినబడేలా చెప్పాను.

"బండిలో ఏ లోపమూ లేదు చౌధరీ సాహబ్."

 ఆయన మీసం ఒకసారి అదిరింది. ఆ తర్వాత వెనక్కి తిరిగి, ఛాతీ విరుచుకుని నడిచి వెళ్ళి, అల్లుడి వీపు మీద ఒక్క చరుపు చరిచారు.

"సునా, విన్నావా? ఇంత పాత బండి! ఒక్కటంటే ఒక్క లోపం లేదట!"